చెంబులో ఉప్పు

మనిషి ఎదగడం దూరం నుంచి చూస్తే కన్నుల పండుగే. దగ్గర నుంచి చూసినవాడికే తెలుస్తుంది, ఎన్ని వీపుల మీద కాళ్ళు పెడితే అంత ఎత్తు అందిందో. హనుమాండ్లు వకీలు ఎదుగుదలను అంత దగ్గర నుంచి చూసినవాడు ఒక్కడే, ఆయన గుమాస్తా ఘనీ. చూడ్డమేమిటి నా మొహం, ఆ వీపులను వంచి చూపించినవాడే అతను.

తిట్టబోయే ముందు మెచ్చుకోవాలి కదా. హనుమాండ్లు రాజంపేటలో ఒకరింట గడ్డి కోసినవాళ్ళ బిడ్డ. హైదరాబాదు హాస్టల్లో పడి ఉండి, వకాలతు చదివి, డెబ్భైల మధ్యలో ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టుకు వచ్చాడు. నిజాం కాలపు బంగ్లా అది. పాత వకీళ్ళంతా ఉర్దూ పలుకుబడితో, షేర్వానీ దర్జాతో ఉండేవాళ్ళు. ఈయనకు మాసిన నల్లకోటు ఒక్కటి, నోరు ఒక్కటి. నోరంటే నోరు కాదు అది. అవతలి సాక్షిని తిట్టడు, బెదిరించడు, నీ పిల్లలు బాగున్నారా అన్నట్టు నవ్వుతూ అడుగుతూ పోయేవాడు, సాక్షి తన గొయ్యి తానే తవ్వుకునేవాడు.

ఘనీ ఆయన దగ్గర చేరింది పాత ఉర్దూ కాగితాలు చదవడానికి. మహమ్మద్‌నగర్ మనిషి, నెమ్మదస్తుడు. నమాజు ఎప్పుడైనా తప్పుతాడేమో గాని వకీల్ సాబ్ మాట జవదాటడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, దర్గాలన్నీ తిరిగాక, అతని భార్య బద్రున్నీసా ఒక్క కొడుకును కన్నది. వాడు సలీమ్. ఆ ఒక్కడి చుట్టూనే వాళ్ళిద్దరి ప్రాణాలు తిరిగేవి.

కాగితాల పని కన్నా ఘనీకి ఇంకో పని బాగా వచ్చింది. పోచారం చెరువు అవతల ఉన్న లింబ్యా తండా నుంచి ఎప్పుడూ ఏదో ఒక కేసు వచ్చేది. ఆ తండావాళ్ళు కోర్టు బోనులో అలవోకగా అబద్ధమాడేవాళ్ళు. ఎందుకాడరు? ప్రమాణం చేయించే ఆ పుస్తకం వాళ్ళది కాదు, ఆ భాష వాళ్ళది కాదు, ఆ జడ్జి వాళ్ళ చుట్టమూ కాదు. కానీ తండాలో వాళ్ళకొక ప్రమాణం ఉందని ఘనీ కనిపెట్టాడు. ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి ముందర పెడతారు. మాట ఇచ్చేవాడు తన చేత్తో దొడ్డుప్పు వేసి, "మాట తప్పితే నేను, నా ఇల్లు, నా పిల్లలు గీ ఉప్పులెక్క కరిగిపోవాలె" అనాలి. ఆ తర్వాత చెంబును ఎవరూ కదపకూడదు, వేలు పెట్టకూడదు. ఉప్పు దానంతట అదే కరగాలి. చివరి రవ్వ కరిగేలోపల మనిషికి భయమేస్తే మాట వెనక్కి తీసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కరిగిపోయిందా, ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మాట మారదు. నీళ్ళు నేల మీద పోసి ఎవరి ఇండ్లకు వాళ్ళు పోతారు.

ఈ సంగతి ఘనీ చెప్పినప్పుడు వకీలు చాయ్ కప్పు కింద పెట్టి, "గిది మంచిగున్నది" అన్నాడట. అంతే. అప్పటి నుంచి తండా సాక్షులను కోర్టుకు తెచ్చే ముందు తండాలోనే చెంబు పెట్టించేవాళ్ళు. ఉప్పు వేసినవాడు ఉరికంబం ఎక్కించినా మాట మార్చేవాడు కాదు. హనుమాండ్లు వకీలు పట్టిన కేసు గెలుస్తాడన్న పేరు అట్లా వచ్చింది. ఆ పేరుతోనే పాత జీపొకటి కొన్నాడు, పంచాయతీ సమితి ప్రెసిడెంటు కావాలని ఆశ పడ్డాడు.

ఆశ పడ్డ ఆ ఏడే, ఒక పొద్దుగూకే వేళ, పోచారం కట్ట దిగుతూ వకీలు జీపు మేకలు తోలుకొస్తున్న ఒక ముసలాయనను గుద్దింది. స్టీరింగ్ పట్టింది వకీలే. దావత్ తిని వస్తున్నారు, తాగింది కూడా తక్కువేం కాదు. వెనక సీట్లో ఘనీ, వకీలు పక్కన తుల్జారాం ఉన్నారు. తుల్జారాం లింబ్యా తండావాడు. వాళ్ళ నాన్న పోగొట్టుకున్న చెల్క భూమిని వకీలే గెలిపించి ఇచ్చాడు కాబట్టి, పాలు పోస్తూ, జీపు తుడుస్తూ, అప్పుడప్పుడు నడుపుతూ ఆయన నీడలో తిరిగేవాడు. ముసలాయన అక్కడికక్కడే పోయాడు. మేకలు చెదిరిపోయాయి.

సమితి ఎన్నికలు ముందున్నాయి. మనిషిని చంపిన వకీలుకు ఓట్లెవరు వేస్తారు? తెల్లవారి వకీలు తండాకు పోయి తుల్జారాం గుడిసె ముందు మంచం మీద కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నీకు భూమి ఇప్పించిన చేతులివి, ఈ ఒక్కసారి నన్ను కాపాడు, జీపు నువ్వు నడిపినట్టు ఒప్పుకో, జొన్నలు కోతకు రాకముందే నిన్ను బయటికి తెస్తానన్నాడు. తుల్జారాం తల ఊపాడు. అతని భార్య దేవ్లి మాత్రం ఊపలేదు. చంకలో బిడ్డనెత్తుకుని నిలబడి, రెండు దిక్కులా ఉప్పు పడాలంది. మా ఆయన మాట మార్చనని వేస్తాడు, వకీల్ సాబ్ బయటికి తెస్తానని వేయాలి. మనిషి తెలివైంది. ఆ తెలివే ఆమె కొంప ముంచింది.

వకీలు లేచి, ముఖం కడుక్కొస్తానని జీపు దగ్గరికి నడిచాడు. ఘనీ నీళ్ళ సీసా పట్టుకుని వెంట పోయాడు. గడ్డం గీసుకునే సామాను ఎప్పుడూ జీపులోనే ఉండేది. అందులో పటిక ముక్క ఉంది. వకీలు దాన్ని చూపుడు వేలుతో ఘనీ దిక్కు తోశాడు.

"గిది నలగ్గొట్టి పట్టుకరా. నా చేతుల నువ్వే పెట్టు" అన్నాడు.

ఘనీ రాయితో పటిక నలగ్గొట్టాడు. చూడ్డానికి అచ్చం దొడ్డుప్పే. ఎందుకని అడగలేదు, నలగ్గొట్టడం ఆపలేదు. లింబ్యా నాయక్, తండా పెద్దమనిషి, చెంబు తెచ్చి నడుమ పెట్టాడు. తుల్జారాం చేతిలో దేవ్లి తన ఇంటి ఉప్పు పెట్టింది. వకీలు చేతిలో ఘనీ పటిక పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి వేశారు, ఇద్దరూ ఒకే మాట అన్నారు. తుల్జారాం ఉప్పు కరిగిపోయింది. పటిక మాత్రం అడుగున కొంచెం మెరుస్తూ ఉంది. ఆ పలుకులు ఎవరి కంటా పడకముందే, అంతా అయిపోయిందన్నట్టు ఘనీయే చెంబెత్తి నీళ్ళు నేల మీద పారబోశాడు. పొయ్యి దగ్గర ముసలవ్వ ఒకామె, గంత జల్దేంది అని గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

జొన్నలు కోతకొచ్చాయి, కోసేశారు, మళ్ళీ విత్తారు. వకీలు సమితి ప్రెసిడెంటయ్యాడు. తుల్జారాంకు శిక్ష పడింది. పెద్ద శిక్షేం కాదు, కేసు మీద మొదట్లోనే కాస్త కష్టపడితే తప్పేదే. కానీ కేసు సాగుతుంటే పేపర్లో తన జీపు మాట వస్తుందని వకీలు దాన్ని తొందరగా ముగిసిపోనిచ్చాడు. జైల్లో తుల్జారాంకు పచ్చకామెర్లు వచ్చాయి. బయటికి వచ్చింది శవమే.

ఇక్కడ తండా ఏమనుకుందో చెప్పాలి. చెంబులో ఇద్దరు వేశారు. ఒకడు పచ్చబడి కరిగిపోయాడు, ఒకడు ప్రెసిడెంటై పెరిగిపోయాడు. మరి మాట తప్పిందెవరు? ఉప్పు అబద్ధమాడదు కదా. తుల్జారామే ఏదో దాచాడు, ఏదో తప్పాడు, అందుకే పోయాడన్నారు. దీపావళికి పొయ్యి ముందు కూర్చుని పెద్దలకు పెట్టేటప్పుడు తండాలో పోయినవాళ్ళందరి పేర్లూ తలుస్తారు. తుల్జారాం పేరు తలవలేదు. ఆ ఏడే కాదు, తర్వాత ఏ ఏడూ తలవలేదు. దేవ్లి ఇంటి నీళ్ళు పెళ్ళి పందిట్లో ముట్టేవాళ్ళు కాదు. ఘనీకి ఇదంతా తెలుసు. ఒక్క మాట చెబితే ఆ చచ్చినవాడి పేరు కడిగినట్టయ్యేది. చెప్పలేదు. చెబితే తను చేసింది కూడా చెప్పాలి కదా మరి.

హనుమాండ్లు ఎల్లారెడ్డి వదిలి కామారెడ్డికి మారాడు. బెల్లం గంజ్ వెనక మేడ కట్టాడు. కామారెడ్డి మున్సిపాలిటీలో జనమే నేరుగా చైర్మన్ను ఎన్నుకునే రోజులొచ్చినప్పుడు నిలబడి గెలిచాడు. అప్పటికి హనుమాండ్లు హనుమంతరావు అయ్యాడు. పాత పేరుతో పిలిచిన చిన్ననాటి దోస్తునొకణ్ణి గుర్తు పట్టలేదు పాపం. స్టేషన్ రోడ్డు వెడల్పు చేస్తానని మైకులో పిల్లలకు కథ చెప్పినట్టు చెప్పి, తనకు ఓటేయని వైపు దుకాణాలన్నీ కూలగొట్టించి, వేసినవైపు అరుగు కూడా ముట్టలేదు. రోడ్డు ఇప్పటికీ అక్కడ వంకరగానే ఉంటుంది. కూలినవాళ్ళు ఏడుస్తూ వస్తే కుర్చీలు వేయించి, చాయ్ తాగించి, తనూ కళ్ళొత్తుకుని పంపేవాడు. వాళ్ళు మెట్లు దిగాక, "ఏడ్పు అయినంక ఆకలైతది, పోయి తింటరు" అనేవాడు.

ఘనీ అన్నీ చూస్తూనే ఉన్నాడు. వదిలి పోవచ్చు కదా అంటారు. బద్రున్నీసా రోజూ అన్న మాటే అది. ఘనీ లోపల ఒక లెక్క ఉండేది. సాబ్ దేవుడికి భయపడడు, చట్టానికి భయపడడు, కానీ ఉప్పుకు భయపడతాడు. భయం లేకపోతే ఆ రోజు పటిక ఎందుకు వేయిస్తాడు? ఉప్పు వేసి కూడా మాట తప్పవచ్చు కదా. తప్పలేకనే కదా పటిక వెతుక్కున్నాడు. ఎంత చెడ్డవాడికైనా ఒక గట్టు ఉంటుంది, ఈయనకు ఆ గట్టు ఉప్పు. ఇది ఘనీ నమ్మకం. మనిషి ఎక్కడో ఒకచోట నమ్మకపోతే అన్నం సహించదు, ఘనీ అక్కడ నమ్మాడు.

తొంభై ఒకటిలో చైర్మన్ సాబ్ ఎంపీ సాబ్ అయి ఢిల్లీకి పోయాడు. అప్పటికి సలీమ్ ఎదిగాడు, ఎంపీ ఇంటి కారు నడిపేవాడు. మీసాలు సన్నగా కత్తిరించుకుని, అద్దంలో చూసుకుంటూ పాటలు పాడుకునే పిల్లవాడు. దుబాయికి వీసా రాబోతోంది. అక్కడికి పోయి లారీ నడిపి, అమ్మీకి గాజులు తెస్తానని బద్రున్నీసాను ఆటపట్టించేవాడు. ఆమె చేతికి అప్పటికి మట్టి గాజులే.

వీసా వచ్చే ముందు ఎంపీ కొడుకు గంజ్‌లో అవతలి పార్టీ కుర్రాడొకడితో జెండా దగ్గర గొడవపడి, కోపంతో కారు ఎక్కించి చంపేశాడు. పట్టపగలు. గంజ్‌లో బెల్లం దిమ్మెలు మోసే హమాలీలు చూశారు గాని, ఎవరు చూశామంటారు? కారు ఎంపీది, తాళం ఎప్పుడూ సలీమ్ దగ్గర ఉండేదని ఊరందరికీ తెలుసు. మళ్ళీ అదే మంచం, అదే కళ్ళనీళ్ళు. ఈసారి ఘనీ ఇంట్లో. కారు సలీమ్ నడిపినట్టు ఒప్పుకోమను, ఇది యాక్సిడెంటు కేసు, పొద్దున లోపల, మాపున బెయిలు, దుబాయి టికెట్టు నేనే తీసిస్తానన్నాడు ఎంపీ.

ఘనీ ఒప్పుకోలేదు, కాదనలేదు. లోపలికి పోయి ఇత్తడి చెంబుతో వచ్చాడు. బద్రున్నీసా గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఇంట్లో ఖురాన్ ఉండగా ఉప్పెందుకని అడిగింది. ఆయనకు ఖురాన్ అంటే భయం లేదు, ఉప్పంటే ఉందని ఘనీ చెవిలో చెప్పాడు. ఆమె అతని ముఖం చూసి వంటింట్లోకి పోయింది. డబ్బాలోంచి ఉప్పు తీసి ఘనీ నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పే. ఇంకో పలుకు వేసుకున్నాడు. ఉప్పే. అప్పుడు తెచ్చి ఎంపీ అరచేతిలో పోశాడు.

ఎంపీ ఒకసారి ఘనీ కళ్ళలోకి చూశాడు. నవ్వలేదు. "మాట తప్పితే నేను, నా ఇల్లు, నా పిల్లలు గీ ఉప్పులెక్క కరిగిపోవాలె" అని, వేసి, చివరి రవ్వ కరిగేదాకా చెంబులోకే చూస్తూ కూర్చున్నాడు. ఢిల్లీ ఫోనొచ్చిందని మనిషొస్తే చెయ్యెత్తి ఆగమన్నాడు. అది చూసి ఘనీ గుండె కుదుటపడింది. సలీమ్ చేయి పట్టుకుని తనే పోలీసు స్టేషన్ దాకా నడిపించుకుపోయాడు. పిల్లవాడు దారి పొడుగునా ధైర్యం చెబుతూనే ఉన్నాడు, తండ్రికి.

చచ్చిన కుర్రాడి పార్టీవాళ్ళు రైలు పట్టాల మీద కూర్చున్నారు. ఊరంతా బంద్. పోలీసులు యాక్సిడెంటును హత్యగా మార్చి రాశారు. అప్పుడు ఎంపీ ఏం చేశాడంటే, తనే మైకు పట్టాడు. నా ఇంటి డ్రైవరైనా సరే, నా కొడుకులాంటి వాడైనా సరే, తప్పు చేసినవాణ్ణి చట్టం వదలకూడదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. న్యాయమూర్తిలాంటి నాయకుడని పేపర్లో పెద్ద ఫోటో వేశారు. ఢిల్లీలో పెద్దలు కూడా భుజం తట్టారట. సలీమ్ తరఫున పెట్టిన వకీలు ఒక్క సాక్షినీ గట్టిగా అడగలేదు. యావజ్జీవం పడింది. తీర్పు విన్న సలీమ్ తండ్రి వైపు తిరిగి, "అబ్బాజాన్, సాబ్ ఒట్టేసిండు గదా, ఎప్పుడు బయటికి తీస్తడంట?" అని అడిగాడు. కోర్టు బయటికొచ్చాక బద్రున్నీసా మట్టి గాజులు గోడకు కొట్టుకుని పగలగొట్టుకుంది. ఆ తర్వాత ఘనీతో ఆమె అన్నం తిను అన్న మాట తప్ప మాట్లాడలేదు.

ఘనీ మేడకు పోయాడు. ఎంపీ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఘనీ నిలబడి ఒక్క మాటే అన్నాడు.

"సాబ్, అది ఉప్పు."

"ఎరుకే" అన్నాడు ఎంపీ పేపరు మడుస్తూ. "నా నాలుకకు గూడ తగిలింది, మూతి తుడుసుకుంటుంటె. కూసో."

ఘనీ కూర్చోలేదు.

"పోచారం కాడ ఉప్పుకు బదులు ఫిట్కరి ఎందుకేయించిన్నో తెలుసా నీకు? నాకు భయమని అనుకున్నవు. పిచ్చోడా, భయం నాకు గాదు, నీకు. నీ చేతితోని ఆ పని చేయిస్తె, నువ్వు జన్మల నన్నిడిసి పోవని. పోయినవా మరి?"

ఘనీ ఎక్కడికీ పోలేదు కదా. ఇన్నేళ్ళు ఆయన గట్టు అనుకున్నది తన మెడకు వేసిన పలుపు తాడని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాడంటే, వంగి కాళ్ళు పట్టుకున్నాడు. ఎంపీ లేవనెత్తాడు, పాపం మంచివాడే. హైకోర్టులో అప్పీలు వేయించానని, అక్కడి పెద్ద వకీలు తన దోస్తని, ఈ ఎన్నికలు గడిస్తే ఒక్క ఫోనుతో అయిపోతదని చెప్పాడు. నువ్వు మాత్రం నా పక్కనే ఉండు, కోపం చేసుకుని పోయినవనుకో, నేనెవరి కోసం ఫోను చేయాలె అన్నాడు.

అందుకని తొంభై ఆరు ఎండాకాలంలో ఘనీ ఎంపీ జీపులోనే ఉన్నాడు. ముందర మైకు బండి, వెనక నాలుగు జీపులు, జెండాలు. లింబ్యా తండాకు పోయారు. ఆ చుట్టుపట్ల తండాలన్నీ లింబ్యా నాయక్ ఎటంటే అటు వేసేవి. నాయక్ ముసలివాడై కళ్ళు కనిపించక, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. ఎంపీ బోరు వేయిస్తాను, రోడ్డు వేయిస్తాను అన్నాడు. నాయక్ విన్నాడు. విన్నాక, ఒట్టెయ్యి సాబ్ అన్నాడు. చెంబు వచ్చింది. ఎంపీ నవ్వుతూ చేయి చాపి, ఘనీ, ఉప్పు దే అన్నాడు. ఈసారి పటిక కావాలని సైగ కూడా చేయలేదు. ఎందుకు దండగ అనుకున్నాడేమో.

ఘనీ ఉప్పు పొట్లం విప్పుతుంటే గుంపులోంచి దేవ్లి లేచింది. వెంట్రుకలు సగం తెల్లబడ్డాయి. మొగుడు పోయింది మొదలు చేతులకు దంతపు గాజుల్లేవు. ఆమె లేవగానే పక్కనున్న ఆడవాళ్ళు కొంచెం జరిగారు, అలవాటుగా.

"సాబ్ ఒట్టు ఒద్దు" అంది. "గా ఘనీ సాబ్ ఒట్టు గావాలె."

ఎవరికీ అర్థం కాలేదు. ఘనీకి అయింది.

"ఆ దినం మా ఆయన చేతుల ఉప్పు నేనే పెట్టిన. మా ఇంటిదే. వకీల్ సాబ్ చేతుల పెట్టింది నువ్వు. నీళ్ళు జల్ది పారబోసింది గూడ నువ్వే. అది ఉప్పా, కాదా, పదిమందిల చెప్పు. ఉప్పే అయితె మా ఆయన తప్పు జేసిండని నేను గూడ అనుకుంట, మళ్ళ జన్మల అడగ. కాకపోతె ఆయన పేరు నాకియ్యి."

అంతకు మించి ఏమీ అడగలేదామె. భూమి కాదు, బోరు కాదు. దీపావళి నాడు పొయ్యి ముందు తలవడానికి ఒక పేరు. నాయక్ గుడ్డి కళ్ళు ఘనీ గొంతు కోసం వెతికాయి.

ఘనీ ఎంపీ దిక్కు చూశాడు. ఎంపీ కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, కంగారు అంతకన్నా లేదు. చాయ్ చెప్పినంత మెత్తగా అన్నాడు.

"చెప్పు ఘనీ. వచ్చే నెల హైకోర్టుల పేషీ గూడ ఉన్నది గద. జల్ది చెప్పు, పోదాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అది చాలా చిన్న మాట. పోయిన ములాఖత్‌లో సలీమ్ చువ్వల అవతల నిలబడి మీసాలు లేని ముఖంతో నవ్వాడు. మీసాలు ఎందుకు తీశావురా అంటే పేలు పడ్డాయన్నాడు. అమ్మీ మాట్లాడుతోందా అని అడిగాడు. ఆ నవ్వు ఇప్పుడు ఘనీ కళ్ళ ముందు నిలబడి పక్కకు జరగలేదు. నిజం చెబితే దేవ్లి మొగుడు దీపావళి నాడు ఇంటికొస్తాడు, తన కొడుకు ఏ పండుగకూ రాడు.

"ఉప్పే" అన్నాడు ఘనీ.

దేవ్లి కదల్లేదు. "చెంబుల వేసి చెప్పు" అంది.

లింబ్యా నాయక్ చెంబును ఘనీ ముందుకు జరిపించాడు. ఘనీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొట్లంలోంచి తీసిన ఉప్పు దొడ్డుది, పలుకులు పెద్దవి. అరచేయి చెమటకు అంటుకుంది. అనవలసిన మాటలు అతనికి నోటికి వచ్చినవే, ఎన్నిసార్లు ఎంతమందితో అనిపించాడో. ఆ రోజు వకీల్ సాబ్ వేసింది ఉప్పేనని, ఇది అబద్ధమైతే నేను, నా ఇల్లు అన్నాడు. అక్కడ ఆగాడు. నా పిల్లలు అనాలి తర్వాత. ఘనీకి పిల్లలంటే ఒక్కడే.

"నా పిల్లలు, గీ ఉప్పులెక్క కరిగిపోవాలె" అని చేయి దులిపాడు.

పలుకులు అడుగుకు పోయి కూర్చున్నాయి. తండా చూస్తోంది. పిల్లలు కూడా చూస్తున్నారు. ఘనీ నీళ్ళలోకి చూడకుండా ఉండాలనుకున్నాడు, చూడకుండా ఉండలేకపోయాడు. చిన్న పలుకులు పోయాయి. పెద్దవి రెండు మూడు ఇంకా ఉన్నాయి, అంచులు కొంచెం కొంచెంగా పోతున్నాయి. దేవ్లి వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఆమె కళ్ళలో కోపం ఉంటుందనుకున్నాడు ఘనీ. లేదు. ఆమె అతని ముఖం చూసి అప్పటికే అంతా తెలుసుకుంది. ఆమె గొంతులో ఉన్నది జాలో, బతిమాలడమో గాని, అతనికి ఒక్కడికే వినిపించేటట్టు అంది.

"ఇంక కరగలే. టైమున్నది, ఘనీ సాబ్."

ఘనీ నోరు తెరిచాడు. తెరిచాడు, అది మాత్రం నిజం. తుల్జారాం పేరు నాలుక మీదికి వచ్చింది కూడా.

పైనుంచి ఎంపీ గడియారం చూసుకున్నాడు.

"ఎంతసేపు కూసుంటం? వేలు పెట్టి కలుపు ఘనీ. ఇంక మూడు తండాలు తిరగాలె."

చెంబులో వేలు పెట్టకూడదని ఆ తండాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాయక్ చేయి గాలిలో లేచి ఆగింది. దేవ్లి చూస్తూ ఉంది.

ఘనీ వేలు పెట్టి కలిపాడు.